ఊరెళ్ళే ముందు ఇల్లు: తాళం కప్ప ఒక్కటే చాలదు

మా ఇంట్లో దొంగలు పడినప్పుడు తాళం కప్పకు చిన్న గీత కూడా పడలేదు. సంక్రాంతికి అత్తగారి ఊరు వెళ్ళి నాలుగో రోజు తిరిగొచ్చేసరికి, వేసిన కప్ప వేసినట్టే ఉంది. అది పట్టుకున్న గొళ్ళెం మాత్రం తలుపు నుంచి ఊడి గడప ముందు పడి ఉంది. తొమ్మిది వందలు పోసి కొన్న కప్ప అది. దాన్ని మోస్తున్న గొళ్ళేన్ని తలుపుకు బిగించింది అర అంగుళం స్క్రూలు నాలుగు. ఇనుప కడ్డీ దూర్చి ఒక్క మెలి తిప్పితే వచ్చేశాయి. పంచనామా రాయడానికి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ ఆ కప్పను చేతిలోకి తీసుకుని, "కప్ప బాగుందండీ, దాచుకోండి" అన్నారు. అప్పుడు నవ్వు రాలేదు.

ఆ తర్వాత వడ్రంగిని, వెల్డింగ్ షాపతన్ని, స్టేషన్‌లో క్రైమ్ చూసే వాళ్ళని అడిగి తెలుసుకున్నవీ, మా ఇంట్లో చేయించుకున్నవీ ఇక్కడ వరసగా రాస్తున్నాను. తాళం ఎంత గట్టిదో దొంగ తర్వాత చూసుకుంటాడు. ముందు చూసేది లోపల మనుషులున్నారా లేరా అనే. కాబట్టి ఇల్లు ఖాళీగా ఉందని తెలియనివ్వకూడదు. తెలిసినా లోపలికి రావడానికి చాలాసేపు పట్టాలి, చప్పుడవ్వాలి. వచ్చినా పెద్దగా ఏమీ దొరకకూడదు. కింద రాసిన పనులన్నీ ఈ మూడింటి కోసమే.

మొదట ఇంటి చుట్టూ తిరగండి

పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఇంకోసారి గేటు బయట నిలబడి మీ ఇంటిని చూడండి. తాళంచెవి లోపల పెట్టి బయట ఇరుక్కుపోతే ఎలా లోపలికి వెళ్తారు? ఇంట్లో వాళ్ళందరినీ ఈ ప్రశ్న అడగండి, ముఖ్యంగా పిల్లల్ని. మా వాడు క్షణం ఆలోచించకుండా "ప్రహరీ ఎక్కి, సన్‌షేడ్ మీదుగా బాల్కనీలోకి. ఆ తలుపు గెడ సరిగ్గా పడదు కదా నాన్నా" అన్నాడు. వాడికి పదకొండేళ్ళు.

ప్రహరీకి ఆనుకుని కరెంటు స్తంభం ఉందా, పక్కన ఖాళీ స్థలమో కడుతున్న ఇల్లో ఉందా, చెట్టు కొమ్మ డాబా మీదకు వంగిందా, ఏసీ బయటి యూనిట్ మెట్టులా పనికొస్తుందా, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. పెరట్లో నిచ్చెన, గడ్డపార, పార, సుత్తి పడి ఉంటే వాటిని ఈరోజే లోపల పెట్టి తాళం వేయండి. వచ్చినవాడికి పనిముట్లు మనమే ఇవ్వడమెందుకు? రాత్రి చూసేటప్పుడు ఇంకో సంగతి గమనించండి. లోపల లైటు వేసి కర్టెన్ తీసి ఉంటే పడకగదిలో బీరువా ఎక్కడుందో రోడ్డు మీదికి కనపడుతుంది.

వీధి తలుపు

డబ్బు పెట్టాల్సి వస్తే ముందు ఇక్కడే పెట్టండి.

తలుపు కంటే ముందు ద్వారబంధాన్ని చూడాలి. దాన్ని గోడకు పట్టి ఉంచేవి గోడలోకి దిగే ఇనుప పట్టీలు. మేస్త్రీలు వాటిని హోల్డ్‌ఫాస్ట్‌లంటారు. పాత ఇళ్ళలో తేమకు, చెదకు ద్వారబంధం వదులై, గోడకూ దానికీ మధ్య సందు కనపడుతుంటుంది. అరచేత్తో గట్టిగా కొట్టి చూడండి, కదిలితే మేస్త్రీని పిలవాల్సిందే. కదిలే ద్వారబంధానికి ఎంత ఖరీదైన తాళం వేసినా లాభం లేదు.

తర్వాత గొళ్ళెం, ఆల్‌డ్రాప్ (కప్ప వేసుకునే పొడవాటి అడ్డగెడ). వడ్రంగికి ఒకే మాట చెప్పండి: స్క్రూలు వద్దు, తలుపుకు అటు నుంచి ఇటు దాకా వెళ్ళే నట్టు బోల్టులు వేయమని. బోల్టు తల గుండ్రంగా, నున్నగా బయటివైపు ఉండాలి. నట్టు లోపలివైపు ఉండాలి, దాని కింద వాషరో, ఇంకా మంచిదైతే ఇనుప పట్టీయో వేయాలి. బయట నుంచి స్క్రూడ్రైవర్‌కు చిక్కేది ఏదీ ఉండకూడదు. గంట పని. మా ఇంట్లో ఇది ముందే చేయించి ఉంటే ఈ వ్యాసం రాసే అవసరం వచ్చేది కాదు.

మన ఇళ్ళలో జంట తలుపులు ఎక్కువ. ఒక రెక్కకు పైనా కిందా గెడలు వేసి, రెండో రెక్కను దానికి ఆనించి తాళం వేస్తాం. మన కళ్ళన్నీ తాళం ఉన్న రెక్క మీదే ఉంటాయి. అసలు బరువు మోసేది మొదటి రెక్క గెడలు. కింద గెడ దిగే రంధ్రం మట్టితో నిండి, గెడ పావు అంగుళం కూడా దిగని ఇళ్ళు ఎన్నో చూశాను. పుల్లతో మట్టి తీసి కనీసం అంగుళం దిగేలా చేసుకోండి. దీనికి పైసా ఖర్చు లేదు.

బందులు బయటికి కనపడే తలుపయితే, అంటే బయటికి తెరుచుకునే తలుపయితే, బందు మధ్య పిన్ను కొట్టి తీసేయొచ్చు. వెల్డింగ్ అతనితో పిన్ను పైన చిన్న చుక్క వెల్డు పెట్టించండి.

ఇక తాళం. తలుపు మందంలో ఇమిడిపోయే మోర్టిస్ లాక్ కానీ, లోపలివైపు బిగించి బయట నుంచి చెవితో తిప్పే తాళం కానీ మంచిది. గట్టిదనం సంగతి అలా ఉంచితే, వేసి ఉందో లేదో బయటికి తెలియదు. వేలాడే కప్ప అలా కాదు, రోడ్డు మీద నడిచే ప్రతివాడికీ ఇంట్లో ఎవరూ లేరని చెప్తుంది. తలుపు లాగితే దానంతట అదే పడే స్ప్రింగ్ తాళాల విషయంలో జాగ్రత్త. లాగి వదిలేస్తే సరిపోదు, చెవి పెట్టి ఇంకో చుట్టు తిప్పితేనే అసలు నాలుక దిగుతుంది. డిజిటల్ తాళం పెట్టించుకుంటే కంపెనీ ఇచ్చిన కోడ్ మార్చండి, బ్యాటరీ అయిపోతుందన్న హెచ్చరికను పట్టించుకోండి.

కప్ప తప్పదంటే పైన వంపు కడ్డీ పొట్టిగా, లావుగా ఉన్నది కొనండి. కప్పకూ గొళ్ళేనికీ మధ్య కడ్డీ దూరే సందు ఉండకూడదు. ముందున్న గ్రిల్ గేటుకు వేసే కప్ప చుట్టూ చిన్న ఇనుప డబ్బా వెల్డింగ్ చేయించుకుంటే కట్టర్ దాని దాకా వెళ్ళదు. లోపల ఉన్నప్పుడు మాత్రం చెవి ఇంట్లో అందరికీ తెలిసిన చోట, కిటికీలోంచి అందని చోట ఉంచండి. రాత్రి నిప్పంటుకుంటే చెవి వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

అపార్ట్‌మెంట్ల వాళ్ళకు ఇంకో విషయం. ఒక ఫ్లాట్‌లో పనికి దిగే ముందు దొంగలు అదే అంతస్తులో మిగతా ఫ్లాట్ల తలుపులకు బయట గెడ పెట్టేస్తారు. చప్పుడు విని లేచినా ఎవరూ బయటికి రాలేరు. బయటివైపు గెడతో మీకు నిజంగా పని లేకపోతే పీకించేయండి. కింది, పై అంతస్తుల వాళ్ళ నంబర్లు ఫోన్‌లో ఉంచుకోండి.

పెరటి తలుపు, డాబా, కిటికీలు

వీధి తలుపు టేకుతో చేయించి, పెరటి తలుపుకు పలచటి ఫ్లష్ డోర్ పెట్టడం మన అలవాటు. దొంగకు టేకు మీద మోజేమీ లేదు. పెరటి తలుపుకు లోపల రెండు గెడలు, వాటికి తోడు ద్వారబంధానికి ఇటూ అటూ ఇనుప కొక్కేలు పెట్టి అడ్డంగా ఒక కర్ర వేసుకోండి. పాతకాలపు ఇళ్ళలో ఈ అడ్డకర్ర ఉండేది. మా నాయనమ్మ ఇంట్లో రోజూ వేసేవాళ్ళు. తోయడానికి లొంగని ఏర్పాటు ఇంతకంటే చవకగా దొరకదు.

డాబా మీద మెట్ల గది తలుపును ఎవరూ పట్టించుకోరు. రేకు తలుపు, దానికి ఒక చిన్న టవర్ బోల్ట్. అక్కడ నిలబడి ఎంతసేపు పని చేసినా రోడ్డు మీదికి కనపడదు. వీధి తలుపుకు ఎంత శ్రద్ధ పెడతామో దీనికీ అంతే పెట్టాలి.

ఎండాకాలం డాబా మీద పడుకునే వాళ్ళు మరీ జాగ్రత్త. అందరూ పైన నిద్రపోతుంటే కింద ఇల్లు దోచుకుపోయిన కేసులు మన దగ్గర ప్రతి వేసవిలోనూ పేపర్లో వస్తాయి. పైకి వెళ్ళేటప్పుడు వీధి తలుపూ పెరటి తలుపూ లోపల గెడ పెట్టి, మెట్ల గది నుంచి పైకెళ్ళి ఆ తలుపుకు తాళం వేసి చెవి మెళ్ళో వేసుకోండి. మెట్లు బయటి నుంచి ఉన్న ఇంట్లో ఒకరైనా కింద పడుకోవడం మంచిది.

కిటికీలకు చెక్క చట్రంలో నిలువు ఊచలు మాత్రమే ఉంటే అవి వంగుతాయి, చట్రం పుచ్చితే ఊడతాయి కూడా. అడుగుకొకటి చొప్పున అడ్డంగా ఇనుప పట్టీ వేసి ప్రతి ఊచకూ వెల్డింగ్ చేయించండి. బయట నుంచి స్క్రూలతో బిగించిన గ్రిల్ అయితే స్క్రూ తలల మీద వెల్డు చుక్క పెట్టించాలి. జరిపే అద్దాల కిటికీకి గ్రిల్ లేకపోతే, అది జరిగే గాడిలో సరిగ్గా పట్టేంత పొడవు కర్రముక్క పడుకోబెట్టండి.

బాత్రూం వెంటిలేటర్లో వరసగా ఉండే అద్దం పలకలు చేత్తో లాగితే వచ్చేస్తాయి. "ఇందులోంచి మనిషెలా దూరతాడు" అనుకుంటాం. పలచటి మనిషికి తల దూరితే మిగతాదీ దూరుతుంది. ఊచలు వేయించండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ కంతకూ అంతే.

ఇంట్లో ఉన్నప్పుడు కూడా, కిటికీ పక్కన మంచం మీద ఫోన్లు, పర్సులు, తాళాలు పెట్టి తలుపులు తీసి పడుకోకండి. కర్రకు కొక్కెం కట్టి లాగేయడం పాత పద్ధతే, ఇంకా నడుస్తోంది.

ఊళ్ళో లేరని తెలియనివ్వకండి

ఇది పెద్దగా ఖర్చు లేని పని, అందుకే ఎవరూ చేయరు.

మన వీధుల్లో ఇంట్లో మనుషులు లేరని చెప్పే మొదటి గుర్తు ముగ్గు. పక్కిళ్ళ ముందు కళ్ళాపి చల్లి ముగ్గులు పెట్టి ఉంటే, మీ వాకిలి రెండు రోజులుగా ఎండిపోయి దుమ్ముకొట్టుకుని ఉంటుంది. పండగ రోజుల్లో అయితే చెప్పక్కర్లేదు, భోగి నాడు ముగ్గు లేని ఇల్లు వీధి చివరి నుంచే తెలిసిపోతుంది. పనమ్మాయికి డబ్బులిచ్చి వాకిలి ఊడ్చి ముగ్గు వేయమనండి, లేదా ఎదురింటి వాళ్ళను అడగండి. వాళ్ళు ఊరెళ్ళినప్పుడు మీరు వేయండి.

పాలూ పేపరూ ఆపించండి. గేటుకు గుచ్చిన కరపత్రాలు, కరెంటు బిల్లు ఎప్పటికప్పుడు తీసేసే మనిషి కావాలి. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టినవి మీరు లేనప్పుడు రాకుండా చూసుకోండి. డెలివరీ అబ్బాయి ఫోన్ చేస్తే "ఊళ్ళో లేము, నాలుగు రోజులాగి రండి" అని అరిచి చెప్పడం ఎంత అలవాటో మనకు.

లైట్ల విషయంలో ఒక పొరపాటు అందరూ చేస్తారు. బయట లైటు వేసి వెళ్తారు, అది పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండింటికి వెలిగే వరండా లైటు, వేలాడే కప్ప కంటే గట్టిగా చెప్తుంది లోపల ఎవరూ లేరని. టైమర్ ఉన్న ప్లగ్ పెట్టి, హాల్లో ఒక లైటు సాయంత్రం ఆరున్నర నుంచి పది దాకా, పడకగదిలో ఇంకోటి పదకొండు దాకా వెలిగేలా పెట్టుకోండి. బయటి లైటుకు చీకటి పడితే వెలిగే సెన్సర్ బల్బు చాలు.

కప్ప వేస్తే దాని మీదుగా గ్రిల్‌కు లోపలి నుంచి కర్టెన్ వేయండి. గుమ్మం ముందు రెండు జతల పాత చెప్పులు వదలండి. ఒక బండి లోపలే ఉండనివ్వండి, తాళం వేసి. దండెం మీద బట్టలు మాత్రం వదలొద్దు. నాలుగు రోజులు అవే బట్టలు వేలాడితే ఉన్న గుట్టు కాస్తా పోతుంది.

వాట్సాప్ స్టేటస్, ఫేస్‌బుక్, ఇన్‌స్టా: తిరుమల కొండ ఫొటోలు తిరిగొచ్చాక పెట్టుకోండి. స్వామివారు ఏమీ అనుకోరు. పిల్లలకు ముందే చెప్పాలి, వాళ్ళే పెడతారు.

పెళ్ళిళ్ళ సంగతి వేరు. శుభలేఖ మీద తేదీ, ముహూర్తం, కల్యాణ మండపం అన్నీ అచ్చు వేసి మనమే ఊరంతా పంచుతాం. ఆ రాత్రి ఇల్లు ఖాళీ అని, ఇంట్లో డబ్బు ఉంటుందని అందరికీ తెలుస్తుంది. పెళ్ళివారింట్లో ఒక నమ్మకమైన మనిషిని రాత్రంతా ఉంచడం, ఆ మనిషికి భోజనం పంపించడం, పెళ్ళి పనుల జాబితాలో రాసుకోవాల్సిన పని.

బంగారం ఎక్కడ పెట్టాలి

ఇనుప బీరువాను చూసి మనకు ధైర్యం, దొంగకు ఆనందం. దాని రేకు పలచన, తాళం చిన్నది, ఇంట్లో బంగారం ఎక్కడుందో వెతుక్కునే శ్రమ లేదు. పైగా దాని చెవి బీరువా మీదో, పరుపు కిందో, చీరల మడతల్లోనో, దేవుడి గదిలోనో, బియ్యం డబ్బాలోనో ఉంటుంది. ఈ ఐదు చోట్లూ మా ఇంట్లో వెతికారు. బియ్యం వంటగదంతా పరిచి వెళ్ళారు.

రోజూ పెట్టుకునేవి తప్ప మిగతావి బ్యాంకు లాకర్లో ఉండాలి. అయితే లాకర్ గురించి ఒక సంగతి తెలిసి ఉండాలి. రిజర్వ్ బ్యాంకు 2021లో ఇచ్చి, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనల ప్రకారం, దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలడం, ఉద్యోగుల మోసం వల్ల లాకర్లోవి పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే. అద్దె 3,000 అయితే గరిష్ఠంగా 3 లక్షలు. ఈ రోజుల్లో ఆ డబ్బుకు బంగారం ఎంత వస్తుందో మీకే తెలుసు. అయినా ఇంట్లో పెట్టుకోవడం కంటే లాకరే చాలా నయం.

పెళ్ళి కోసమో వ్రతం కోసమో లాకర్ నుంచి తెచ్చిన నగలు తిరిగి పెట్టే రోజు కూడా ముందే అనుకోండి. "వచ్చే వారం వెళ్దాంలే" అనుకున్న ఆ వారంలోనే మావి పోయాయి. ఇంట్లో చిన్న సేఫ్ కొంటే గోడకో నేలకో బోల్టులు దింపి బిగించాలి. లేకపోతే దాన్నే ఎత్తుకుపోతారు.

ఇప్పుడు అందరూ వాయిదా వేసే పని. ప్రతి నగనూ స్కేలు పక్కన పెట్టి రెండు వైపులా ఫొటో తీయండి. బరువు, కొన్న షాపు, ఏడాది రాయండి. 2021 జూలై తర్వాత హాల్‌మార్క్ వేసిన నగ అయితే దాని మీద అంకెలు, అక్షరాలు కలిసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ కోడ్ ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలను అది లేకుండా అమ్మకూడదు. భూతద్దంతో చదివి రాసుకుని, హాల్‌మార్క్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూసుకోండి. పాత నగలకు అది ఉండదు కాబట్టి అతుకు, రాయి లోపించిన చోటు, వెనక చెక్కిన అక్షరాలు దగ్గరగా ఫొటో తీయండి. ఫోన్ల ఐఎంఈఐ నంబర్లు (ఏ ఫోన్‌కు ఆ ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు నంబర్లు, స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే వస్తాయి), ల్యాప్‌టాప్, టీవీ సీరియల్ నంబర్లు కూడా ఇదే జాబితాలో చేర్చండి. జాబితాను ఇంట్లో కంప్యూటర్లో ఉంచితే కంప్యూటర్‌తో పాటే పోతుంది. మెయిల్‌లో దాచి, వేరే ఊళ్ళో ఉన్న అన్నదమ్ములకో పిల్లలకో ఒక కాపీ పంపండి. దస్తావేజులు, పాస్‌బుక్కులు స్కాన్ చేసి అక్కడే పెట్టండి. దొంగలకు అవి పనికిరావు, చింపి పారేస్తారు.

బీమా గురించి క్లుప్తంగా. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీ ప్రధానంగా అగ్నిప్రమాదం, వరద, తుపాను లాంటి వాటికి. అలాంటి ప్రమాదం జరిగాక ఏడు రోజుల్లోపు దానివల్ల జరిగిన దొంగతనం మాత్రమే అందులోకి వస్తుంది. మామూలు ఇంటి దొంగతనానికి బర్గ్లరీ కవర్ విడిగా తీసుకోవాలి. తలుపు పగలగొట్టిన ఆనవాళ్ళు ఉండాలని, ఇల్లు ఇన్ని రోజులకు మించి ఖాళీగా ఉంటే ముందే చెప్పాలని షరతులుంటాయి. సంతకం పెట్టే ముందు ఆ పేజీ చదవండి.

కెమెరాలు, సైరన్లు

కెమెరా దొంగను ఆపదు, ముఖానికి గుడ్డ కట్టుకుని వచ్చి పని చూసుకుని వెళ్తాడు. ఆపేది చప్పుడు. అందుకని నా సలహా, కెమెరా కంటే ముందు తలుపులకు అయస్కాంతం సెన్సర్‌తో పనిచేసే సైరన్లు కొనండి. తలుపు తెరుచుకున్న మరుక్షణం కూస్తాయి, బ్యాటరీతో నడుస్తాయి, వందల్లో దొరుకుతాయి. వీధి తలుపు, పెరటి తలుపు, మెట్ల గది, మూడు చాలు.

కెమెరా పెడితే ఒకటి మనిషి ముఖం ఎత్తులో, గేటు దగ్గర ఉండాలి. సన్‌షేడ్ కింద పైనెక్కడో పెడితే నడినెత్తి మాత్రమే కనపడుతుంది. రికార్డు చేసే డబ్బా, అదే డీవీఆర్, టీవీ కింద పెట్టకండి. పోతూ పోతూ దాన్ని ఊడదీసుకుపోవడం దొంగలకు అలవాటైంది. అటక మీద, తాళం వేసిన చోట పెట్టండి, లేదా రికార్డింగ్ ఇంటర్నెట్‌లో కూడా పడేలా చూసుకోండి. కరెంటు పోతే కెమెరా, వైఫై రెండూ నడిచేలా ఇన్వర్టర్‌కు కలపాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ తప్పక మార్చాలి, లేకపోతే మీ హాలు ఇంకెవరో చూస్తుంటారు. కెమెరా పక్కింటి కిటికీ వైపు తిరగకుండా చూడండి. రేపు సాయం అడగాల్సింది వాళ్ళనే.

ఇంటికి వచ్చిపోయే మనుషులు

అద్దె ఇంట్లో దిగిన రోజే తాళం మార్చండి. పాత అద్దెదారు దగ్గర, అంతకు ముందు వాళ్ళ దగ్గర ఎన్ని చెవులున్నాయో యజమానికి కూడా తెలియదు. రంగులేసే వాళ్ళు, మరమ్మతుల వాళ్ళు వెళ్ళాక కిటికీ గెడలన్నీ ఓసారి చూసుకోండి. పనివాళ్ళ ముందు బీరువా తీయడం, లాకర్, చిట్టీ డబ్బుల మాటలు వద్దు. పైన గది అద్దెకిస్తే అద్దెదారు వివరాలు స్టేషన్లో ఇవ్వండి.

నగలకు మెరుగు పెడతామంటూ గుమ్మం ఎక్కేవాళ్ళను లోపలికి రానివ్వకండి. వాళ్ళ ద్రావణంలో బంగారం కరిగి తూకం తగ్గాక కానీ మీకు తెలియదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఎక్కడ దొంగతనం జరిగినా ఫలానా ఊరి వాళ్ళు, ఫలానా కులం వాళ్ళు అనేస్తాం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని కులాల వాళ్ళను పుట్టుకతోనే నేరస్థులుగా చూసే చట్టం చేసింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా ముద్ర పడిన వాళ్ళను కట్టడిలో ఉంచడానికి వచ్చిన సెటిల్‌మెంటే. ఆ చట్టాన్ని 1952లో ఎత్తేశారు, మన నోళ్ళలోంచి మాత్రం పోలేదు. సంచి భుజాన వేసుకున్న సంచారుల్ని నిలదీసే మన వీధి, మంచి చొక్కా వేసుకుని బైక్ మీద మూడుసార్లు తిరిగి వెళ్ళినవాణ్ణి ఎవరని అడగదు.

బయల్దేరే ముందు

రెండు రోజుల ముందు పోలీసులకు చెప్పండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే యాప్ ఉంది, అంటే తాళం వేసిన ఇళ్ళ మీద నిఘా. ఒకసారి ఇంటి వివరాలతో నమోదు చేసుకుని, ఊరెళ్ళేటప్పుడు తేదీలు ఇచ్చి నిఘా కోరితే, పోలీసులు వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. లోపల కదలిక వస్తే కంట్రోల్ రూమ్‌కు సమాచారం వెళ్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. మీ స్టేషన్ పరిధిలో కెమెరాలు ఖాళీగా ఉన్నాయా అని ముందే కనుక్కోండి, పండగలకు గిరాకీ ఎక్కువ. తెలంగాణలో అయితే స్టేషన్‌కు వెళ్ళి చిరునామా, తేదీలు, మీ నంబరు రాసివ్వండి, రాత్రి గస్తీ వాళ్ళు ఆ వైపు ఓ కన్నేస్తారు.

పక్కింటి వాళ్ళలో ఒకరికి చెప్పండి, వీధికంతా కాదు. మీ నంబరుతో పాటు ఊళ్ళోనే ఉన్న బంధువు నంబరు కూడా ఇవ్వండి. మీరు అమలాపురంలో ఉంటే హైదరాబాద్ ఇంటికి పది నిమిషాల్లో రాలేరు కదా.

బయల్దేరే రోజు సామాను కారులోకి ఎక్కించడం గేటు లోపలే కానివ్వండి. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి, మోటార్ స్విచ్ తీసేయండి. చెవిని పూలకుండీ కిందో, మీటర్ బాక్స్‌లోనో, చెప్పుల స్టాండ్‌లోనో పెట్టొద్దు. అపార్ట్‌మెంట్లలో చెప్పుల స్టాండ్ మొదట వెతికే చోటు. చివరగా బయట నిలబడి ప్రతి తలుపూ ఒకసారి తోసి చూడండి. బస్సెక్కాక "పెరటి తలుపు గెడ వేశామా" అన్న టెన్షన్ తప్పుతుంది.

తిరిగొచ్చేసరికి తలుపు తీసి ఉంటే

లోపలికి వెళ్ళకండి. దొంగ ఇంకా లోపలే ఉండొచ్చు. బయట నుంచే 112కు ఫోన్ చేయండి. బంధువులూ ఇరుగుపొరుగూ వచ్చి ఇల్లంతా తొక్కేస్తారు, వాళ్ళని ఆపడం మీ పని. బీరువా హ్యాండిల్, గ్లాసులు, తలుపు ముట్టుకోకండి. క్లూస్ టీమ్ వచ్చి వేలిముద్రలు తీసుకునే దాకా ఊడ్చొద్దు. మేం బియ్యం ఎత్తేశాం, తర్వాత తిట్లు తిన్నాం.

మీరు ఇంట్లో ఉండగానే అలికిడి అయితే ఎదురెళ్ళకండి. అందరూ ఒక గదిలోకి చేరి గెడ పెట్టుకుని, లైట్లు వేసి, గట్టిగా అరుస్తూ 112కు చేయండి. పారిపోయేవాడికి దారి వదిలేయండి. నగ కోసం ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

ఫిర్యాదు ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, తమ పరిధి కాకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 అదే చెప్తోంది. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోపు వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. నమోదు చేయకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపొచ్చు. ఇంట్లో దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 305, రాత్రి తలుపు పగలగొట్టి దొరికినవి ఎత్తుకుపోతే 331 కూడా పెడతారు. తర్వాతిదానికి 14 ఏళ్ళ దాకా శిక్ష ఉంది. కాపీలో ఏం రాశారో చదువుకోండి. పోయినవాటి జాబితా ఆ రోజే పూర్తి కాదు. తర్వాత గుర్తొచ్చినవి రాసి ఇచ్చి రసీదు తీసుకోండి.

అదే రోజు చెక్‌బుక్కులు, కార్డులు ఆపించండి. ఫోన్ పోతే కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఎఫ్‌ఐఆర్ వివరాలతో ఐఎంఈఐని బ్లాక్ చేయించండి. బీమా ఉంటే కంపెనీకి వెంటనే తెలపాలి. నష్టం అంచనా వేయడానికి వాళ్ళు పంపే సర్వేయర్ వచ్చేలోపే పగిలిన తలుపు ఫొటోలు తీసి ఉంచండి. దొంగ దొరక్కపోతే పోలీసులు ఇచ్చే తుది నివేదిక క్లెయిమ్‌కు అవసరం.

దొరికిందనుకోండి, సొత్తు నేరుగా మీ చేతికి రాదు, కోర్టుకు వెళ్తుంది. కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. మధ్యంతర కస్టడీ కోసం మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయొచ్చు. నగల్లాంటి విలువైనవి పంచనామా రాసి, ఫొటోలు తీసి త్వరగా సొంతదారుకు ఇచ్చేయాలని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. పిటిషన్‌కు బిల్లులు, ఫొటోలు, తూకాల జాబితా జత చేయాలి. మా ఆవిడ గాజులు అలాగే ఏడో నెలలో ఇంటికొచ్చాయి, పెళ్ళి ఫొటోలో స్పష్టంగా కనపడ్డాయి కాబట్టి. మా అమ్మ గొలుసుకు బిల్లు లేదు, ఒక్క ఫొటో కూడా లేదు. స్వాధీనం చేసుకున్న సొత్తులో ఒక కరిగించిన ముద్ద ఉంది. అందులో ఆ గొలుసు ఉందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.